కఠినవిద్య: విద్యార్థిని బాధ్యత, గృహము బాధ్యత

సోదరీమణులారా! పాలపద్దు వ్రాసికొనుట, చాకలిపద్దు సరిచూచుకొనుట మనకు నిత్యకృత్యములు. నెల చివర లెక్క తేలకున్నచో మనకు నిద్ర పట్టదు. కాని యింటిలో నన్నిటికంటె నెక్కువ ధనము, ఎక్కువ కాలము, ఎక్కువ యాశ వెచ్చింపబడుచున్న బిడ్డల చదువునకు మాత్రము పద్దనునది కానరాదు. "బాగుగా చదువుచున్నావా?" యని మన మడుగుదుము. "చదువుచున్నాను" అని బిడ్డ బదులు చెప్పును. విచారణ యంతటితో ముగియును. పాఠశాల చదువులకు ఈ పాటి విచారణ చాలునేమో! ఫలితము ఎవ్వరి చేతిలోను లేని కఠినవిద్యలకు మాత్రము చాలదు. అట్టి విద్య నభ్యసించు కుమార్తెనుండి మన మేమి యాశింపవచ్చును, ఆమెకు మన మేమి బాకీపడియున్నాము అను రెండు విషయములను గుఱించి ముచ్చటించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

హైదరాబాదులోని అశోక్ నగరు పేరు వినని తెలుగు గృహము నేడు అరుదు. చిక్కడపల్లిని, ఇందిరాపార్కును ఆనుకొనియున్న యీ పేట సర్కారు కొలువుల పరీక్షలకు చదువువారికి కాపురస్థలమైనది. ఆదిలాబాదు మొదలు ఖమ్మము వఱకు గల జిల్లాలనుండియు, ఆంధ్రప్రదేశపు ఊళ్లనుండియు పట్టపరీక్ష ముగించిన యువతీయువకులు ఇచ్చటికి వచ్చుచుందురు. గదికి ముగ్గురు నలుగురు చొప్పున హాస్టళ్లలో తలదాచుకొని, మెస్సులలో భుజించి, శిక్షణాలయములలో పాఠములు విందురు. ఎందరో చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున ఉదయముననే చోటు పట్టుకొని, తమ పుస్తకములు ముందు పెట్టుకొని ప్రొద్దుగూకువఱకు కదలక చదువుదురు. ఏ సందు త్రొక్కినను హాస్టలు పలకలు, జిరాక్సు దుకాణములు, పరీక్షల పుస్తకములు. ఇందు బాలికల సంఖ్య స్వల్పము కాదు.

ఈ పరిసరములకు స్త్రీవిద్యతోడి చుట్టరికము క్రొత్తది కాదు. నిజాము రాజ్యమున ఉన్నతవిద్య ఉర్దూలో నడచుచున్న దినములలో, తెలుగు బాలికలు మాతృభాషలో చదువుకొనవలెనని మాడపాటి హనుమంతరావుగారు 1928లో ప్రారంభించిన పాఠశాల సమీపమందలి నారాయణగూడలోనే నెలకొన్నది. రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారి పేరిట మహిళా కళాశాల 1954లో ఆ నారాయణగూడలోనే వెలసినది. ఆనాటి ప్రశ్న బాలికను చదువునకు పంపవచ్చునా యనునది. నేడా ప్రశ్న తీరినది. పంపిన పిదప నడువవలసిన విధ మెట్టిదను ప్రశ్న మాత్రము మిగిలియున్నది.

పరీక్ష యెట్టిది?

బిడ్డ యే పనికి పూనుకొన్నదో తెలిసినగాని ఆమెను విచారింప మనకు అర్హత లేదు. కేంద్ర ప్రభుత్వపు సివిల్ సర్వీసుల పరీక్షకు మూడు మెట్లు గలవు. మొదటిది ప్రాథమిక పరీక్ష. రెండవది ప్రధాన పరీక్ష. ఇందు తొమ్మిది పత్రములు వ్రాయవలయును. వానిలో రెండు భాషాపత్రములలో ఉత్తీర్ణత చాలును, తక్కిన ఏడింటికి 1750 మార్కులు. మూడవది 275 మార్కుల ముఖాముఖి పరీక్ష. తెలంగాణ రాష్ట్రపు గ్రూపు-1 పరీక్షలో 2022 సంవత్సరపు ప్రకటననుండి ముఖాముఖి తీసివేయబడినది. అందు ప్రధాన పరీక్షలోని ఆఱు పత్రముల 900 మార్కులే నిర్ణాయకములు.

ఈ విద్యయొక్క కాఠిన్యము అంకెలలో చక్కగా తెలియును. 2022వ సంవత్సరపు సివిల్ సర్వీసుల పరీక్షకు 11,35,697 మంది దరఖాస్తు పెట్టిరి. ప్రాథమిక పరీక్షకు కూర్చున్నవారు 5,73,735 మంది. ప్రధాన పరీక్షకు అర్హులైనవారు 13,090 మంది. ముఖాముఖికి పిలువబడినవారు 2,529 మంది. తుదకు ఎన్నికైనవారు 933 మంది. వారిలో స్త్రీలు 320 మంది. మొదటి నాలుగు స్థానములును స్త్రీలకే దక్కినవని చెప్పుకొనుటకు మనకు గర్వముగానే యుండును.

ఈ అంకెలనుండి రెండు నీతులు గ్రహింపవలసియున్నది. దరఖాస్తు పెట్టినవారిలో దాదాపు సగముమంది పరీక్ష మందిరములోనికే అడుగుపెట్టలేదు. కావున పూనిన పనికి హాజరగుటయే విద్యార్థిని మొదటి బాధ్యత. ఇక కూర్చున్నవారిలో సుమారు 615 మందికి ఒక్కరు చొప్పున మాత్రమే ఎన్నికైరి. తక్కిన 614 మంది సోమరులని యనుట అన్యాయము. కావున ఫలితమొక్కదానినే కొలబద్దగా పెట్టుకొన్న గృహమున న్యాయమునకు చోటుండదు. విద్యార్థిని మనకు చూపవలసినది ఫలితము కాదు, పద్దు.

విద్యార్థిని బాధ్యతలు

మొట్టమొదట ఆమె పాఠ్యప్రణాళికను తన చేతితో వ్రాసికొని, వెనుకటి సంవత్సరముల ప్రశ్నపత్రములను దగ్గఱ నుంచుకొనవలయును. అశోక్ నగరు దుకాణములలో పుస్తకములకు కొదువ లేదు. ఒకరు చెప్పిరని యొకటి, మఱియొకరు చెప్పిరని యింకొకటి కొని గదిని నింపుకొనుట సులభము. పది పుస్తకములు ఒక్కొకసారి చదువుటకంటె ఒక్క పుస్తకమును పలుమాఱులు చదువుట మేలని అనుభవజ్ఞులందఱు చెప్పుదురు. వంటింటిలో డబ్బాలు పెరిగినంతమాత్రమున వంట రుచించునా?

రెండవది తెలియనిదానిని తెలియదని యొప్పుకొనుట. ఇది నీతి మాత్రమే కాదు, ఈ పరీక్షలో లాభము కూడ. ప్రాథమిక పరీక్ష మొదటి పత్రములో 100 ప్రశ్నలకు 200 మార్కులు. ఒక్క తప్పు సమాధానమునకు ఆ ప్రశ్న మార్కులలో మూడవవంతు కోతపడును. ఒక బాలిక 60 ప్రశ్నలకు సమాధానము లిచ్చి, 45 ఒప్పు, 15 తప్పు చేసినదనుకొందము. ఆమెకు 90 మార్కులు వచ్చి 10 పోగా 80 నిలుచును. మఱియొక బాలిక అంతే తెలిసియుండి, తక్కినవానిని గ్రుడ్డిగా గుర్తించి 45 ఒప్పు, 45 తప్పు చేసినచో, 90లో 30 పోయి 60 మాత్రమే నిలుచును. ఇద్దఱి జ్ఞానము సమానమే. తన యజ్ఞానపు టెల్లను ఎఱిగినది మొదటి బాలిక.

మూడవది స్వయముగా వ్రాయుట. పాఠము విన్నంత తేలికగా సమాధానము రాదు. ప్రధాన పరీక్షలోని సామాన్యశాస్త్ర పత్రమున మూడు గంటలలో 20 ప్రశ్నలకు సమాధానములు వ్రాయవలయును. అనగా ప్రశ్నకు తొమ్మిది నిమిషములు. ఈ వేగము ఉపన్యాసములు వినుటవలన గాని, సెల్లుఫోనులో పాఠములు చూచుటవలన గాని అబ్బదు. దినమునకు రెండు సమాధానములైనను గడియారము ముందు పెట్టుకొని వ్రాసి, దిద్దించుకొని, తప్పులు చూచి మఱల వ్రాయవలయును. ఆంగ్లము రాదని వెనుదీయు బాలికలు ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొందురు గాక. శ్రీకాకుళము జిల్లానుండి వచ్చిన రోణంకి గోపాలకృష్ణగారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులుగా నుండి, తెలుగులోనే ప్రధాన పరీక్ష వ్రాసి, 2016వ సంవత్సరపు సివిల్ సర్వీసులలో మూడవ స్థానము పొందిరి. భాష అడ్డు కాలేదు, అభ్యాసము చాలినది.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, పద్దు. ఒక సాదా నోటుపుస్తకము చాలును. ఏ దినమున ఏ విషయము ఎంత చదివినది, ఎన్ని సమాధానములు వ్రాసినది, నమూనా పరీక్షలో ఏవి తప్పినవి, ఏవి యిప్పటికిని తెలియవు అను నాలుగు వరుసలు రాత్రి పరుండబోవుటకు ముందు వ్రాసికొనవలయును. "పదునాలుగు గంటలు చదివితిని" అను మాట పద్దు కాదు. గంటలు కూర్చుండినవి, చదివినది యెంత? జమ యెంతో, ఖర్చు ఎంతో వేర్వేఱుగ వ్రాయనిదే పద్దు కానట్లే, తెలిసినదేదో తెలియనిదేదో విడదీసి చూపనిది చదువుల పద్దు కాదు. ఈ పద్దు తండ్రికి భయపడి వ్రాయునది కారాదు. అట్లు వ్రాసినచో అందు అబద్ధములు చేరును. తనకు తాను చూపుకొనుటకు వ్రాసినదే నిజమైన పద్దు.

అయిదవది శరీరరక్షణ. ఇంటికి డబ్బు మిగుల్చుటకై ఒక పూట అన్నము మానుట, టీతో రాత్రులు గడపుట త్యాగము లనిపించుకొనవు. నిద్రలేని కన్ను చదివినదానిని బుద్ధి నిలుపుకొనదు. మనస్సు క్రుంగినచో ఆ మాట దాచుకొనక ఇంటికి గాని వైద్యునకు గాని చెప్పుట కూడ విద్యార్థిని ధర్మమే. పరీక్షకంటె ప్రాణము గొప్పదని ఆమెయు, మనమును ఎన్నడును మఱువరాదు.

శిక్షణాలయమును ఏమడుగవలయును?

విద్యార్థిని బాధ్యత ఒక వైపు. రుసుము పుచ్చుకొన్న సంస్థ బాధ్యత మఱియొక వైపు. రుసుము కట్టుటకు ముందు తల్లులు నిస్సంకోచముగా నడుగవలసిన ప్రశ్నలు కొన్ని గలవు. తరగతిలో ఎందరుందురు? వ్రాసిన సమాధానములను ఎవరు దిద్దుదురు, ఎన్ని దినములలో తిరిగి యిత్తురు? నడుమ మానవలసివచ్చినచో రుసుములో ఎంత వాపసు వచ్చును? ఆ మాట కాగితముమీద నున్నదా? గోడలమీది విజేతల చిత్రములను చూచి మోసపోరాదు. ముఖాముఖికి ఉచిత శిక్షణ మాత్రము పొందినవారి చిత్రములను, సంపూర్ణశిక్షణ పొందినట్లు అచ్చువేసిన శిక్షణాలయములకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జరిమానాలు విధించినది. ఇట్టి ప్రకటనల నియంత్రణకై 2024 నవంబరులో మార్గదర్శక సూత్రములను గూడ వెలువరించినది.

తరగతి గదిని, చదువుగదిని కన్నులార చూచిరండు. రెండవ ద్వార మున్నదా? మెట్లు విశాలమైనవా? 2024 జులై 27వ తేదీన ఢిల్లీలో ఒక శిక్షణాలయపు నేలమాళిగలోని గ్రంథాలయములోనికి వఱదనీరు చొచ్చి ముగ్గురు విద్యార్థులు మరణించిరి. గదిని చూచి వచ్చుటకు పట్టునది ఒక్క ఘడియ. రుసుము ఇచ్చుకొనలేని కుటుంబములవారు ప్రభుత్వ స్టడీ సర్కిళ్ల ఉచిత శిక్షణను విచారింపవచ్చును. సివిల్ సర్వీసుల పరీక్షకు స్త్రీలు దరఖాస్తు రుసుము చెల్లింప నక్కఱలేదను సంగతియు తెలిసియుండుట మంచిది.

దుర్గాబాయిగారి పాఠము

సంస్థకును విద్యార్థినికిని గల బాధ్యతలు ఒకదానితో నొకటి ఎట్లు ముడిపడియుండవలయునో తెలిసికొనుటకు మనకు దుర్గాబాయి దేశముఖ్‌గారి చరిత్రమే చాలును. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఈమెకు బాల్యముననే వివాహమైనది. ఉప్పు సత్యాగ్రహమున చెరసాల కేగినది. విడుదలయైన పిమ్మట వయసు మీఱినదని సంకోచింపక కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు చదివి నెగ్గినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరబోగా స్త్రీలకు వసతిగృహము లేదను అడ్డు వచ్చినది. ఆమె నిరాశ చెందలేదు. తనవలె చదువగోరు స్త్రీలను పత్రికాప్రకటనద్వారా కూడగట్టి, వసతి యేర్పడునట్లు చేసినది. అచ్చట ఆనర్సు పట్టమును, పిదప మదరాసులో న్యాయశాస్త్ర పట్టమును పొందినది.

తాను పడిన కష్టము తోడి స్త్రీలకు రాకూడదని 1937లో మదరాసున ఆంధ్రమహిళాసభను స్థాపించి, మెట్రిక్యులేషనుకు స్త్రీలను సిద్ధపఱచు తరగతులు నడిపినది. తరువాత కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై, చదువు నడుమ మానిన వయోజన స్త్రీలకై 1958లో సంక్షిప్త విద్యాక్రమమును దేశమంతట ప్రవేశపెట్టించినది. ఏండ్ల తరబడి సాగు చదువును సుమారు రెండేండ్లలో ముగించుట సామాన్యమైన పని కాదు. అయినను అది సాగినది. సంస్థ వసతిని, బోధను సమకూర్చెను. విద్యార్థిని తన కాలమును సమర్పించెను. గడువు ఇద్దఱికిని మొదటి దినముననే తెలియును. గడువు, బోధ, శ్రమ అను మూడును కుదిరినచో కఠినవిద్య సైతము గృహిణికి అందునని ఆ తరగతులు ఋజువు చేసినవి. నేడు అశోక్ నగరు బాలిక రాత్రింబవళ్లు చదువుచున్న రాజ్యాంగమును నిర్మించిన సభలో దుర్గాబాయిగారు ఒక సభ్యురాలు.

గృహము బాధ్యత

ఇక మన వంతు. మొదటిది గడువును ముందుగానే నిర్ణయించుట. సామాన్యవర్గపు అభ్యర్థికి సివిల్ సర్వీసులలో 32 ఏండ్ల వయస్సు వఱకు ఆఱు ప్రయత్నములకు చట్టము అవకాశ మిచ్చుచున్నది. కొన్ని వర్గములవారికి ఇంకను సడలింపు గలదు. చట్టపు గడువు వేఱు, ఇంటి గడువు వేఱు. ఎన్ని ప్రయత్నములు, ఎంత ధనము, ఎన్నిక కానిచో ఏ యుద్యోగము అను మూడు విషయములు బిడ్డతో కూర్చుండి మాటలాడి కాగితముమీద పెట్టుకొనవలయును. ఉపాధ్యాయ పరీక్ష, బ్యాంకు పరీక్ష, పట్టమునకు తగిన మఱియొక కొలువు - ఏదో యొక రెండవ త్రోవ మొదటినుండియు తెఱచియుండవలయును. రెండవ త్రోవ యున్నవారు మొదటి త్రోవలో ధైర్యముగా నడువగలరు.

రెండవది కొడుకునకును కూతునకును ఒక్క గడువే యిచ్చుట. అనేక గృహములలో కుమారునకు నాలుగేండ్లు, కుమార్తెకు ఒక్క యేడు అను లెక్క మాటలలో లేకున్నను మనస్సులో నుండును. కుమారుడు సెలవులకు వచ్చినచో "పాపము, అలసినాడు" అని విస్తరి వేయుదుము. కుమార్తె వచ్చినచో పొయ్యివద్ద కూర్చుండబెట్టుదుము. పండుగకు, పెండ్లికి, పురిటికి రమ్మని ఆమెకే పిలుపు. ప్రతి ఫోనులోను సంబంధముల ప్రసక్తియే. ఇవి యన్నియు ఆమె పద్దులో మన మూలమున వ్రాయబడిన ఖర్చులని మనము గుర్తింపవలయును. మన విదేశాంగ సేవలో ప్రవేశించిన తొలి మహిళ సి. బి. ముత్తమ్మగారు. స్త్రీ యుద్యోగిని వివాహమునకు ప్రభుత్వానుమతి పొందవలెనను నియమమును ఆమె సుప్రీంకోర్టులో ప్రశ్నింపగా, 1979లో న్యాయమూర్తి కృష్ణయ్యరుగారు అట్టి నిబంధనలలోని వివక్షమును తీవ్రముగా గర్హించిరి. ఉద్యోగమునకు వివాహము అడ్డని ప్రభుత్వ మనుట తప్పైనప్పుడు, చదువునకు వివాహము అడ్డని మన మనుట ఒప్పగునా?

మూడవది ఇతరులతో పోల్చకుండుట. మహబూబునగరు జిల్లానుండి వచ్చిన దోనూరు అనన్యారెడ్డిగారు 2023వ సంవత్సరపు పరీక్షలో మొదటి ప్రయత్నమునందే మూడవ స్థానము పొందినది. నూకల ఉమాహారతిగారు 2022వ సంవత్సరపు పరీక్షలో అదే మూడవ స్థానమును అయిదవ ప్రయత్నమున పొందినది. స్థాన మొక్కటియే, మార్గములు వేఱు. నాలుగుసార్లు నెఱవేఱని దినములలో ఉమాహారతిగారి గృహము ఆమె శ్రమను నమ్మకున్నచో అయిదవసారి యనునది యుండునా?

నాలుగవది, బిడ్డ తప్పు కాని దానికి బిడ్డను నిందింపకుండుట. తెలంగాణ గ్రూపు-1 చరిత్రమే ఇందులకు నిదర్శనము. 503 ఉద్యోగములకై 2022 అక్టోబరులో జరిగిన ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రములు బయటపడిన కారణమున 2023 మార్చిలో రద్దయ్యెను. 2023 జూనులో మఱల జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసెను. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన వెలువడగా నాలుగు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. జూనులో ప్రాథమిక పరీక్షయు, అక్టోబరులో ప్రధాన పరీక్షయు జరిగినవి. ఆ ఫలితములును న్యాయస్థానముల వఱకు పోయినవి. ఒకే మెట్టును మూడుమాఱు లెక్కవలసివచ్చిన బాలికను "ఇన్నేండ్లు ఏమి చేసితివి?" అని చుట్టములు ప్రశ్నించునప్పుడు, ఆమెకు సాక్ష్యముగా నిలుచునది పద్దుపుస్తకమొక్కటే. ఆ పద్దును చూచిన తల్లి చుట్టములకు తానే సమాధానము చెప్పగలదు.

సోదరీమణులారా! నెల కొకసారి బిడ్డను చూచివచ్చునపుడు పచ్చడి సీసాతోబాటు ఒక్క ప్రశ్నను గూడ తీసికొనిపొండు. "ర్యాంకు వచ్చునా?" యని యడుగవలదు, దానికి సమాధానము ఆమెకును తెలియదు. "ఈ నెలలో క్రొత్తగా ఏమి తెలిసికొంటివి? ఇంకను తెలియనిది యేది? నా వలన నీ చదువునకు కలిగిన యడ్డంకి యేమి?" అని యడుగుడు. మొదటి రెండింటికి ఆమె సత్యముగా బదులు చెప్పినచో ఆమె బాధ్యత నెఱవేఱినట్లే. మూడవదానికి ఆమె చెప్పినది కోపము లేక విని దిద్దుకొన్నచో మన బాధ్యత నెఱవేఱినట్లు. కొలువు వచ్చిన బాలిక మంచి యధికారిణి యగును. రాని బాలికయు తన శక్తి యెంతయో, తన కాలము ఎట్లు వెచ్చించినదో ఎఱిగిన మనిషిగా ఇల్లు చేరును. ఆమెను తలయెత్తి గడప దాటి లోనికి రానిచ్చుట మన చేతిలోని పని.